బొట్టు అద్దం మీద పెట్టండి

మొన్న ఫిబ్రవరి ఎనిమిదో తేదీ ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, ఎమ్మిగనూరులో నాగరాజు అనే నేతగాడి ఇంటి వరండాలో ఒక పాత పటం వెనక అట్ట ఊడదీశారు. మేకులు తుప్పుపట్టి విరిగిపోతుంటే నాగరాజు పట్టకారుతో ఒక్కొక్కటే లాగాడు. అట్ట లేవగానే వాసన వచ్చింది. పాత కుంకుమ, తేమ పట్టిన కాగితం, వాటి అడుగున సన్నగా పుల్లటి వాసన ఒకటి. అది ఫోటోలు కడిగే మందు వాసన కావడానికి వీల్లేదు, ఎనభై ఏళ్లు అది నిలవదు. అయినా నా ముక్కు దాన్నే పట్టుకుంది. ఆ క్షణంలో నేను ఆదోనిలో, ఖాదర్ బాషా గారి డార్క్‌రూం గడప మీద ఉన్నాను.

ఖాదర్ బాషా గారిది ఫోటో స్టూడియో. మా నాన్న పోయిన తర్వాత, పంతొమ్మిదేళ్ల వయసులో ఆయన దగ్గర టచింగ్ పనికి చేరాను. నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మొహం మీది మచ్చలు సరిచేయడం, ప్రింటు మీద పడిన తెల్లచుక్కలను కుంచెతో కప్పడం, ఇదీ ఆ పని. ఆడపిల్లను స్టూడియోకు పంపడం మా అమ్మకు ఇష్టం లేదు. ఆయన నా బల్లను వీధి కిటికీ పక్కన వేయించి, "నీ కూతురు బజారంతటికీ కనపడతాంటాదమ్మా. కూరగాయలకు పోతా ఒకసారి, వస్తా ఒకసారి చూసుకో" అని మా అమ్మతో అన్నారు. రెండు నెలలు అమ్మ అలాగే చూసుకుంది. మూడో నెల నుంచి కూరగాయల సంచి నా బల్ల కిందే పెట్టి ఊరంతా తిరిగి వచ్చేది.

నన్ను అందరూ తేదీల పిచ్చిది అంటారు. ఆ పిచ్చి ఆయన పెట్టిందే. చేరిన కొత్తలో ఒక ప్రింటు నల్లబడిపోతే, మందులో ఎంతసేపు ఉంచావని అడిగారు. కాసేపు అన్నాను. "కాసేపంటే మీ ఇంట్లో ఎంత, మా ఇంట్లో ఎంత బేటీ?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. ఆ తర్వాత నేను ఆ మాట వాడలేదు.

ఈరమ్మ మా స్టూడియోకు వచ్చింది నేను చేరిన ఏడాదే. ఆలూరు దగ్గర పల్లె ఆమెది, కూలిపని. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. కొంగులో చుట్టి తెచ్చిన పటాన్ని నా బల్ల మీద పరిచింది. గుడారాల ముందు నాలుగు వరుసల్లో సిపాయిలు, ముప్పై ఆరుగురు. ముందు వరుసలో దొర కాళ్ల దగ్గర ఒక కుక్క. మన ఆదోని బళ్లారి జిల్లాలో ఉన్న కాలం అది. రెండో ప్రపంచ యుద్ధానికి పటాలంలో చేరేవాళ్లు బళ్లారికి పోయేవాళ్లు, అక్కడి నుంచి బర్మా వైపు. ఈరమ్మ తండ్రి మారెప్ప ఈ పటాన్ని ఇంటికి పంపాడు కానీ తాను తిరిగి రాలేదు. ఆయన పటాలానికి పోయిన తర్వాతే ఈరమ్మ పుట్టింది. తండ్రి మొహం ఆమెకు తెలియదు. పటంలో చూద్దామంటే మూడో వరుసలో, ఎడమ నుంచి ఐదో మనిషికి మొహమే లేదు. ఆ చోట బొటనవేలంత తెల్లటి గుంట ఉంది. ఏటా పెద్దల అమావాస్యకు వాళ్లమ్మ తడిగుడ్డతో పాత బొట్టు తుడిచి, కొత్తగా గంధం, కుంకుమ పెట్టేది. అద్దం లేని పటం. బొట్టుతో పాటు మొహం కూడా కొంచెం కొంచెంగా గుడ్డకు అంటుకుని పోయింది. వాళ్లమ్మ కూడా అప్పటికే పోయింది.

కండ్లన్నా పెట్టమని ఈరమ్మ అడిగింది. చూడని మొహం గీయనని ఖాదర్ బాషా గారు అన్నారు.

"ఎవురి కండ్లైతేనేం సాబూ, రొండు పెట్టు. కండ్లు లేనోనికి యట్ల మొక్కేది?" అంది ఈరమ్మ.

ఆయన ఒప్పుకోలేదు. ఆ పటాన్ని మళ్లీ ఫోటో తీసి, కొత్త ప్రింటు వేసి, మొహం ఉండాల్సిన చోటును తెల్లగా అలాగే వదిలి, అద్దం బిగించి ఇచ్చారు. "ఇకనుంచి బొట్టు అద్దం మీద పెట్టండి, మనిషి మీద వద్దు" అని చెప్పారు. ఈరమ్మ ఆయన్ను తిట్టుకుంటూ పోయింది. నాకూ బాధ కలిగింది. అప్పటికి నా చేయి బాగా కుదిరింది, గంటలో కళ్లు పెట్టగలను. ఆ మాటే ఆయనతో అన్నాను.

"నువ్వు కండ్లు బాగా పెడతావు బేటీ. నాకు అదే భయం. నువ్వు పెడితే ఆయమ్మ నమ్ముతాది. రేపు అసలు నాయన వచ్చి ఎదురుగా నిలబడినా, నువ్వు కాదు పో అంటాది."

తర్వాత కాగితం మీద లెక్క వేస్తున్నట్టు నిదానంగా చెప్పారు. ఇంతమంది సిపాయిలున్నారంటే ఇన్ని ఇళ్లకు ఇదే పటం వెళ్లి ఉంటుంది. ఏ ఇంట్లోనైనా బొట్టు పెట్టేది తమ మనిషికే. కాబట్టి ప్రతి ఇల్లూ తన మనిషినే చెరుపుకుంటుంది, పక్కింటివాణ్ణి భద్రంగా ఉంచుతుంది. ఈరమ్మ నాయన ఎవరో పరాయివాళ్ల గోడ మీద హాయిగా ఉన్నాడు, వెతకాలంతే.

వెతకడానికి ఆయన ఆ పటాన్నే పెద్దది చేసి, తెల్లగుంటతో సహా, స్టూడియో అద్దాల కిటికీలో పెట్టారు. బజారులో పోయేవాళ్లు ఊరుకుంటారా? పత్తి బండ్లు తోలే ఒకాయన, "ఏం సాబూ, ఆ మొగం లేనోడు ఎవురు, మీ బావమరిదా?" అన్నాడు. "కాదప్పా, రావాల్సినోడు. బస్సులో టవలు ఏసినట్ల జాగా పట్టినా" అన్నారు ఈయన. ఈరమ్మ ఆదోనికి వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర ఆగేది. మొదట్లో కోపంగా, తర్వాత అలవాటుగా. మా ఇద్దరి స్నేహం ఆ కిటికీ దగ్గరే మొదలైంది.

ఖాదర్ బాషా గారు పోయి ఇరవై రెండేళ్లయింది. చివరిరోజు వరకూ ఆ టవలు తీయలేదు. స్టూడియో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. కిటికీలోని పటమూ, ఆయన కుంచెలూ నేను ఇంటికి తెచ్చుకున్నాను.

జనవరిలో మా బంధువు ఒకరు నా ఫోనుకు ఒక బొమ్మ పంపారు. తన తాత ఉన్న పటాలం ఫోటో ఇదని, ఇంకెవరి పెద్దలైనా ఇందులో ఉంటే రమ్మని నాగరాజు అందరికీ పంపిన బొమ్మ. నేను మొదట గుర్తుపట్టింది కుక్కను. కానీ అద్దం మీద వెలుతురు పడి మూడో వరుస సగం తెల్లగా మెరిసిపోయింది. ఐదోవాడు కనిపించలేదు.

ఆ ఆదివారం ఈరమ్మతో కలిసి బస్సెక్కాను. ఆమెకు ఎనభై మూడు, నాకు డెబ్బై నాలుగు. ఒళ్లో సంచి, సంచిలో ఆమె పటం. "కనపడతాడా?" అని అడిగింది. తెలియదన్నాను. "ఆ సాబు పెంచిన పిల్లవు గదా, అబద్దమన్నా సెప్పవు" అని కిటికీ వైపు తిరిగింది.

అట్ట ఊడింది. నాగరాజు ఫోటోను బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. రెండో వరుసలో ఒక చోట తెల్లటి గుంట ఉంది. అది వాళ్ల తాత, అద్దం బిగించక ముందే చెరిగిపోయాడు. నేను మూడో వరుసకు పోయి, ఎడమ నుంచి లెక్కపెట్టాను. ఐదోవాడు ఉన్నాడు. టోపీ ఓ పక్కకు ఒరిగిన బక్కపలచటి కుర్రవాడు. పక్కవాడు ఏదో చెప్పి ఉంటాడు, నవ్వు ఆపుకోవడానికి కింది పెదవిని ఎడమ మూలన లోపలికి మడిచి పట్టుకున్నాడు.

ఈరమ్మ వంగి చాలాసేపు, నా గడియారంలో నాలుగు నిమిషాలు, చూసింది.

"ఇంత పిల్లోడా?" అంది చివరికి. "మా మనవనికన్నా సిన్నోడు గదమ్మా. ఈనికి నేను కూతుర్నా?"

నవ్వు వచ్చింది ఆమెకు. ఆపుకోవాలని కింది పెదవి మడిచింది, ఎడమ మూలన. మొహాలు చూడటమే బతుకుగా బతికినదాన్ని, నాకు వేరే సాక్ష్యం అవసరం లేకపోయింది.

తర్వాత ఆమె తన సంచిలోంచి పటం తీసింది. అద్దం మీద ఇన్నేళ్ల కుంకుమ పేరుకుని ఉంది. కొంగుతో తుడిస్తే, కింద ఒక్కరూ చెక్కుచెదరలేదు. రెండో వరుసలో నాగరాజు తాత, గుండ్రటి మొహంతో, తిన్నగా మన వైపే చూస్తున్నాడు. నాగరాజు లోపలికి తిరిగి, "అమ్మా, మగ్గం నిలిపి రా. తాత ఈయమ్మ ఇంట్లో ఉన్నాడంట" అని కేకేశాడు. ఖాదర్ బాషా గారి లెక్క అక్షరాలా నిజమైంది.

నాగరాజు ఇంటితో కలిపి ఆ రోజు చేరినవి ఏడు కుటుంబాలు. కోసిగి నుంచి వచ్చిన ఒకాయన తన పటం తెచ్చాడు. ఎక్కడో రంగులు వేయించి, చెరిగిన మొహానికి పెద్ద మీసం పెట్టించారు. మా పటాల్లో ఉన్న అసలు మొహానికి మీసం లేదు. చూపిస్తే, "మా తాతకు మీసముండాది. ఈడు మావోడు కాదు" అని పటం చంకన పెట్టుకుని లేచాడు. నేను వాదించలేదు. నాకు అదే భయం అన్న ఖాదర్ బాషా గారి మాట చెవిలో వినిపించింది.

తిరుగు బస్సులో ఈరమ్మ, "ఇప్పుడు సూసినావు గదా. పెట్టు" అంది. ఇంటికి వచ్చి, కిటికీ పటాన్ని దించి, ఆయన కుంచెతోనే ఆ తెల్లగుంటలో మొహం గీశాను. కళ్లు అలసినప్పుడల్లా ఆగాను, కానీ తప్పు పడలేదు. చూసిన మొహం. ఈరమ్మ వచ్చి బొట్టు పెట్టింది, అద్దం మీద.

లెక్క ఇది. పటంలో సిపాయిలు ముప్పై ఆరుగురు. పేరు దొరికినవారు ఏడుగురు. వారిలో యుద్ధం నుంచి ఇల్లు చేరనివారు ముగ్గురు. సొంత ఇంటివాళ్లే కాదన్నవాడు ఒకడు. పేరు లేకుండా మిగిలినవారు ఇరవై తొమ్మిది మంది. కుక్క పేరు తెలియలేదు. టవలు వేసి జాగా పట్టి, చూడవలసి ఉండి, చూడకుండా పోయినవారు ఒకరు.