పదేళ్ళు ఉండే చీర

మా మనవడికి ఆటిజం ఉందని డాక్టరమ్మ చెప్పిన రోజు ఇంట్లో అందరూ ఏడ్చారు. నేను మాత్రం ఆమె చెబుతున్న లక్షణాలు వింటూ కూర్చున్నాను. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడలేకపోవడం, ముఖం చూసి మనసు పసిగట్టలేకపోవడం, చెప్పిన మాటను చెప్పినట్టే పట్టుకోవడం. ఇదంతా నా జాతకం కదా, ఈమెకెవరు చెప్పారు అనుకున్నాను. చాలా ఏళ్ళ కింద, తాండూరులో ఒక బట్టల దుకాణంలో, ఇదే సంగతి నా నోటితో నేనే చెప్పుకున్నాను. అప్పట్లో దానికి పేరు లేదు. పేరు లేనిదాన్ని చెప్పుకుంటే తిక్క అనేవాళ్ళు.

నిజాం రాజ్యం పోయి కొన్నేళ్ళయింది. వికారాబాద్‌లో అమ్మా, నేనూ ఉండేవాళ్ళం. రోజూ పొద్దున పాసింజరు బండెక్కి తాండూరు పోయి, దుకాణంలో పరుపు పరిచిన గద్దె మీద కూర్చుని, వచ్చినవాళ్ళకు బట్టలు విప్పి చూపేవాణ్ణి. మనుషులు నాకు అర్థం కారు గానీ బట్ట అర్థమయ్యేది. వేళ్ళ మధ్య నలిపితే ఏ రంగు నిలుస్తుందో, ఏది మొదటి ఉతుకుకే వెలిసిపోతుందో తెలిసేది. దుకాణం యజమాని సేటు నన్ను పెట్టుకున్నది అందుకే. అమ్ముడయ్యాక నవ్వి "మళ్ళ రాండ్రి" అనాలని ఆయన నేర్పాడు. ముఖాల సంగతి అమ్మ నేర్పింది. ఆడవాళ్ళ బొట్టు చూడు, మగవాళ్ళ మీసం చూడు, కళ్ళలోకి చూసినట్టే ఉంటుంది అంది. నీ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు, చెబితే బువ్వ పోతుంది అని కూడా అంది.

గద్దె మీద నాకు సుఖంగా ఉండేది. నాతో మనుషులు మాట్లాడే చోటు లోకంలో అదొక్కటే. బొంరాస్‌పేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. కూతురి పెళ్ళికి చీరలు కొన్నప్పుడు, ఆయన ముచ్చటపడ్డ చీర రంగు పోతుందని చెప్పి వద్దన్నాను. సేటు నా తొడ గిల్లాడు. పెద్దాయన మాత్రం అప్పటి నుంచి ఎప్పుడొచ్చినా నా ముందే కూర్చునేవాడు. ఉన్న మాట చెప్పే పిల్లగాడు అనేవాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయేవాణ్ణో!

ఒక మధ్యాహ్నం ఆయన బావమరిదితో వచ్చాడు. ఆకుపచ్చ చీర కావాలి, బిడ్డకు అన్నాడు. చేతికి దొరికింది విప్పాను. ఆయన అంచు చూడలేదు, బేరం చేయలేదు, కట్టెయ్యమన్నాడు. గద్దె మీద ఉన్నవాళ్ళంతా ఒక్కసారి మాటలు ఆపేశారట. ముత్తైదువ చనిపోతే పుట్టింటి చీర కప్పి సాగనంపుతారని, ఆ చీరకు ఎవరూ బేరం చేయరని మా దిక్కు చిన్నపిల్లలకూ తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆయన ముఖంలో ఉన్నది నాకు కనిపించలేదు. నేను మీసం చూస్తున్నాను.

కట్టేముందు చీర నలిపి చూశాను. నాసిరకం. ఆయన్ను మోసం చేయడం నా వల్ల కాలేదు. ఇంకొకటి తీసి ముందు పరిచాను.

"అది రంగు పోతది పెదనాయినా. గిది తీస్కో. పదేండ్లు ఉంటది."

"పదేండ్లు ఎందుకు కొడుకా," అన్నాడాయన. "పొద్దుగూకేదాంక ఉంటె సాలు."

అయితే మొదటిదే చాలు కదా అనుకుని దాన్నే కట్టి ఇచ్చాను. నవ్వాను. మళ్ళ రాండ్రి అన్నాను.

బావమరిది నా కాలరు పట్టుకుని గద్దె మీంచి కిందికి లాగాడు. పిల్ల కాన్పులో పోయిందని, ఇంకో శవానికి రమ్మంటావా అని అరిచాడు. సేటు నా చెంప మీద కొట్టాడు. అప్పుడు, బజారంతా వాకిట్లో గుమిగూడి చూస్తుండగా, అమ్మ చెప్పొద్దన్న మాట చెప్పేశాను.

"నాకు మొఖాలు సమజ్ కావు సేటు. చిన్నప్పటి సంది గిట్లనే ఉన్న. మీరు ఏం నేర్పితె గదే అంటున్న."

ఎవరో నవ్వారు. పెద్దాయన మాత్రం ఇడువుండ్రి వాణ్ణి అని, పొట్లం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటికి నేను బజారులో తిక్కలోణ్ణి అయ్యాను. పెళ్ళి బట్టలకు వచ్చినవాళ్ళు నా చేతి బట్ట వద్దన్నారు, నా నోరు మంచిది కాదట. సేటు చెడ్డవాడు కాదు. నన్ను తీసేశానని అందరికీ చెప్పి, వెనక గదిలో బట్టలు సర్దే పని ఇచ్చాడు. గిరాకీ ఉన్నంతసేపు పరదా దాటి రావద్దు, చప్పుడు చేయొద్దు అన్నాడు. సరే అన్నాను. చెప్పింది చేయడం నాకు వచ్చిన ఒకే విద్య. అమ్మకు తెలిసి రెండు పూటలు అన్నం ముట్టలేదు. తిట్టినా బాగుండేది.

మరుసటి ఏడు ఒక రోజు పరదా అవతల పెద్దాయన గొంతు వినిపించింది. ఆ కాన్పులో బతికిన మనవడి పుట్టువెంట్రుకలట, అంగీకి ఎర్రబట్ట కావాలన్నాడు. తర్వాత నా గురించి అడిగాడు. పని మానేసి పోయాడని సేటు చెప్పాడు.



"వాని మీద నాకేం కోపం లేదని చెప్దామనుకున్న," అన్నాడు పెద్దాయన. "నా బిడ్డ చీర పదేండ్లు ఉండాల్నని అనుకున్నోడు ఆ దినం వాడొక్కడే."

నాలుగడుగులు వేస్తే ఆయన ముందు ఉంటాను. కానీ గిరాకీ ఇంకా గద్దె మీదే ఉంది. పరదా సందులోంచి గద్దె మీది గుమాస్తా చేయి చాపి, ఎర్రబట్ట తాను ఇమ్మన్నాడు. తీసి ఇచ్చాను.

ఆ ఎరుపు ఒక్క ఉతుకుకే పోతుంది. చప్పుడు చేయొద్దన్నారని చెప్పలేదు.