మా సర్వరక్క

సోమవారం పొద్దుగాల సర్వరక్క కొడుకు ఫోన్ చేసిండు. "అమ్మ పోయింది మామా" అన్నడు.

నల్గొండల నేను పనిచేసే ప్రైవేటు దవాఖానకు అక్క రోజూ చౌటుప్పల్ నుంచి బస్సుల వచ్చేది. మా కంప్యూటర్లన్నిటిని నడిపిచ్చే సర్వర్‌ను ఆమెనే చూసుకునేది. అందుకే డాక్టర్ల కాడికెళ్లి ఆయాల దాక అందరికీ సర్వరక్కనే. బస్సుల సీటు దొరకనినాడు వచ్చుడుతోనే చెప్పులిడిచి, కాళ్లు చాపుకొని, "చాయ్ తాగినంకనే ఏదైనా" అనేది.

ఒకనాడు కరెంటు పోయి వచ్చేసరికి సర్వర్ లేవలే. బిల్లులు బంద్, ల్యాబ్ రిపోర్టులు బంద్. ఒక ముసలవ్వకు ఆపరేషన్ చెయ్యాలె, ఆమె రిపోర్టుల కోసం డాక్టర్ కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతుండు.

"పేషెంట్ల వివరాలన్నీ పోయినయా అక్కా?" అన్న.

"అవి పదిలంగనే ఉన్నయ్ రా. ఎవరిని రానియ్యాలె, ఏది యాడున్నదో యాదిపెట్టుకునే మాస్టర్ డేటాబేస్ చెడిపోయింది. ఇల్లు మంచిగనే ఉంది, తాళంచెవుల గుత్తి పోయింది."

ముందుగాల ఖాళీ మాస్టర్‌ను తయారుచేసింది. ఒక్కరే లోపలికి పోయేటట్టు సర్వర్‌ను లేపి, అంతకుముందు నకలు తీసిపెట్టిన మాస్టర్ బ్యాకప్ ఎక్కిద్దామని కూసుంది. ఆ ఒక్క జాగల మందుల కౌంటర్ కంప్యూటర్ వచ్చి దూరుతాంది. అక్క లేచి కౌంటర్ కౌంటర్‌కు పోయింది. "జరసేపు అన్నీ బంద్ జెయ్యుండ్రి, మీకు పుణ్యముంటది" అని బతిమాలింది.

బ్యాకప్ ఎక్కంగనే సర్వర్ మళ్ల ఆగింది. "మళ్ల పోయిందా అక్కా?" అన్న. "మాస్టర్ ఎక్కినంక గట్లనే ఆగుతది, ఫికర్ జెయ్యకు" అని నవ్వుకుంట లేపింది. అవ్వ రిపోర్టు తెరమీద కనవడంగనే డాక్టర్ ఆపరేషన్ గదికి ఉరికిండు.

ఆ బ్యాకప్ తీసిననాటి తర్వాత కొత్తగ చేరినోళ్లను మాత్రం సర్వర్ రానియ్యలే. "నా పేరే లేదంటాంది అక్కా" అని ఒక నర్సుపిల్ల ఏడుపు ముఖం పెట్టింది. "నువ్వొచ్చిన సంగతి దానికింక తెల్వదు బిడ్డా, ఇప్పుడు చెప్త" అని పక్కన కూసోవెట్టుకొని పేరెక్కిచ్చింది.

అప్పటిసంది అక్కది ఒకటే పోరు. "బ్యాకప్ ఉన్నదని నిమ్మలంగ ఉండొద్దు రా. అప్పుడప్పుడు వేరే మిషన్ల ఎక్కిచ్చి చూడాలె." అడగంగ అడగంగ దవాఖానోళ్లు ఒక పాత కంప్యూటర్ ఇచ్చిండ్రు. "ఆదివారం వస్త, నీకు నేర్పుత" అన్నది. ఒక ఆదివారం నాకు డ్యూటీ పడ్డది. ఇంకో ఆదివారం వాళ్లింట్ల పెండ్లి. ఆదివారాలు యాడికి పోతయిలే అనుకున్నం ఇద్దరం. అంతల్నే ఆమెకు పాణం బాగలేకుండయింది.

పట్నం దవాఖానకు చూడవోయిన. సగమైంది మనిషి.

"నేర్పుత నేర్పుతనని తిప్పిచ్చుకున్న గదరా. ఇప్పుడు చెప్త, ఇను."

"మంచిగైనంక చెప్దువు తియ్యక్కా."

ఇనలే. "బ్యాకప్ తీసిననాడు ఏ వెర్షన్ ఉండెనో, సర్వర్ గూడ అదే వెర్షన్ ఉండాలె. అది చూసుకున్నంక..." అని ఆగి, కండ్లు మూసుకున్నది.

తర్వాత ఏందని నేనడగలే. నిద్రవట్టిందనుకొని లేవబోయిన. దుప్పటి మీద ఆమె వేళ్లు మాత్రం, ఏదో టైపు చేస్తున్నట్టు, మెల్లగ కదులుతనే ఉన్నయ్.