చెంచమ్మ పూసిన సున్నం

నా పేరు అడగవద్దు. అడిగినా చెప్పను. ఆత్మకూరులో మా నాయన కొట్టు ఎరిగినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల మనవలు నన్ను చూస్తే లేచి నిలబడతారు. ఆ మర్యాద ఎక్కడ పోతుందోనన్న భయం ఈ వయసులో కూడా నాకు తగ్గలేదు. కానీ ఇన్నేళ్లుగా గుండెలో మోస్తున్న బరువు ఒకటి ఉంది, దాన్ని ఎక్కడో ఒకచోట దించక తప్పదు. చెంచమ్మ అనే మనిషి తాను చేయని తప్పును చచ్చేదాకా తనదే అనుకుంది. ఆ తప్పు చేసింది నేను. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఏవేవో కోరికలు కోరుకున్నానే గాని ఈ సంగతి ఎత్తలేదు. మీకు చెబుతున్నాను. మీరు నాకు ఏమీ కారు గనకనే చెప్పగలుగుతున్నానేమో.

ముందు కల్లు సంగతి చెప్పాలి. నాకు కల్లంటే ఇష్టం. ఇంత సులువుగా రాసేశానే అని నాకే ఆశ్చర్యంగా ఉంది. మాది వ్యాపారస్తుల కుటుంబం. కార్తీకమాసంలో మా ఇంట్లో ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాదు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి ఈ రుచి అబ్బిందంటే అంతా ప్రకాశం అయ్యవారి పుణ్యం. ఆయన ఉదయగిరిలో బడిపంతులు, బాప్టిస్టు సంఘంలో పెద్దమనిషి కొడుకు. కల్లు అంగడి ఛాయలకు వెళ్లినట్టు తెలిస్తే సంఘం ఊరుకోదు. నా సంగతి తెలిస్తే మా నాయన ఊరుకోడు. అందుకని మేమొక ఏర్పాటు చేసుకున్నాం. సెలవుల్లో ఆయన ఆత్మకూరు వైపు వచ్చి తాగేవాడు, చింతపండు, కుంకుడుకాయల బేరం పేరు చెప్పి నేను ఉదయగిరి వెళ్లి తాగేవాణ్ని. ఎవరి ఊళ్లో వాళ్లం బుద్ధిమంతులం.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన తరువాతి ఆ కొద్ది సంవత్సరాలు తలచుకుంటే ఇప్పటికీ మనసు పచ్చగా అవుతుంది. పెట్రోలు దొరక్క బస్సు బొగ్గుతో నడిచేది. ఎక్కితే ఎప్పుడు దిగుతామో డ్రైవరుకే తెలియదు. అందుకని సైకిళ్ల మీద తిరిగేవాళ్లం. ఉదయగిరి కొండ కింద ఒక రాతి అంగడి ఉండేది. మందపాటి గోడలు, ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉండేది. కోట సిపాయిలు ఇక్కడే తాగేవాళ్లని అంగడివాడు గొప్పలు పోయేవాడు. ఏ రాజుగారి సిపాయిలని నేను అడిగితే, తాగినోడికి రాజు పేరు గుర్తుంటుందా శెట్టీ అని నవ్వేవాడు. అనంతసాగరంలో చెరువుకట్ట వెనక తాటాకు పాక. నీళ్ల మీదుగా గాలి వచ్చేది. అక్కడ ప్రకాశం వేయించిన చేపలు తినేవాడు, నేను అటు తిరిగి కూర్చుని శనగలు నమిలేవాణ్ని. చలికాలంలో మర్రిపాడు దారిలో ఈత కల్లు దొరికేది. లారీలవాళ్ల మధ్య నిలబడి తాటాకు దొన్నెల్లో తాగేవాళ్లం.

మొదటి గుక్క ప్రకాశం తాగేవాడు. ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకుని, కాసేపు ఆగి, తీర్పు చెప్పేవాడు. ఆయనది ఈత కల్లు పక్షం, నాది తాటికల్లు. ఈ తగాదా ఎప్పటికీ తెగలేదు. మంచి కల్లు తియ్యగా ఉండదు, పులుపూ ఉండదు, నాలుక చివర చిన్నగా చురుక్కుమంటుంది. నీళ్లు కలిపిన అంగడికి మళ్లీ వెళ్లేవాళ్లం కాదు. ఆ అంగళ్ల వల్ల పొయ్యి వెలగని ఇళ్లున్నాయని నాకు తెలుసు. తెలిసీ తాగాను. అది వేరే పాపం.

తరువాత మద్యనిషేధం వచ్చింది. అంగళ్లన్నీ మూశారు. కొండ కింది రాతి అంగట్లో ఎవరో చొప్ప పెట్టుకున్నారు. ప్రకాశం ఆ రోజుతోనే మానేశాడు, ఒక్కసారి కూడా దిగులుపడలేదు. నేను మానలేకపోయాను.

ఉదయగిరి దాటాక, వరికుంటపాడు దారిలో, ఒక తోపులో పెంచలయ్య తాటిచెట్లు గీసేవాడు. చెంచమ్మ అతని భార్య. రాతి అంగడికి వచ్చే మంచి కల్లు అతనిదే. నిషేధం తరువాత గీత పనివాళ్లకు తాటిబెల్లం వండుకోమని సర్కారు లైసెన్సులు ఇచ్చింది. షరతు ఒక్కటే. చెట్టుకు కట్టే ప్రతి కుండకూ లోపల సున్నం పూయాలి. సున్నం ఉంటే చెట్టు నుంచి కారే నీరా పులవదు, తియ్యగానే ఉంటుంది. లేకపోతే తెల్లారేసరికి కల్లవుతుంది. సున్నం లేని కుండ చెట్టు మీద పట్టుబడితే లైసెన్సు రద్దు, పైగా జైలు. చెట్టెక్కడం పెంచలయ్య పని. కుండలు కడిగి, సున్నం పూసి, పంచలో ఆరబెట్టడం చెంచమ్మ పని.

నేను బెల్లం కొనే వంకతో వెళ్లేవాణ్ని. ఒక్క కుండ సున్నం లేకుండా కట్టమని మొదట నవ్వులాటగా అన్నాను. తరువాత నిజంగానే అడిగాను. పెంచలయ్య చేతులు జోడించాడు. ఇంకేదన్నా అడగమన్నాడు, ఇది మాత్రం వద్దన్నాడు. నాకు కోపం వచ్చింది. ఒక్క కుండ! నేను అడిగితే కాదంటాడా? ఇప్పుడు ఆ కోపాన్ని తలచుకుంటే సిగ్గుతో తల ఎత్తలేను.

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. పెంచలయ్య చెట్టు నీడన నిద్రపోతున్నాడు. చెంచమ్మ కుండలన్నిటికీ సున్నం పూసి, పంచలో వరుసగా పెట్టి, బెల్లం వండడానికి పుల్లలకని వెళ్లింది. నేను ఒక్కణ్నే ఉన్నాను. మూతి కాస్త విరిగిన కుండ ఒకటి కనిపించింది. గుర్తుపట్టడానికి బాగుంటుందని దాన్నే తీసుకున్నాను. గుడిసె వెనక్కి వెళ్లి, నా మూటలోంచి చింతపండు తీసి లోపలంతా రుద్దాను, పశువుల తొట్టిలో నీళ్లతో కడిగాను. పైన మూతి దగ్గర మాత్రం కొంచెం సున్నం ఉండనిచ్చాను. చెట్టెక్కేటప్పుడు పెంచలయ్యకు అనుమానం రాకూడదని. తెలియక చేశానని చెప్పుకోవడానికి ఆ కొంచెం సున్నం నాకు ఎప్పుడూ అడ్డం వస్తుంది. కుండ మళ్లీ వరుసలో పెట్టేశాను.

నా లెక్క ఏమిటంటే, పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి ఆ విరిగిన మూతి కుండ నాకిమ్మని తాగేయాలి. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు. నిజంగా అలాగే అనుకున్నానా? ఇన్నాళ్లూ నాకు నేను ఈ మాటే చెప్పుకున్నాను. ఇప్పుడు రాయడం మొదలుపెట్టాను కనుక ఇది కూడా రాస్తాను. ఆ సాయంత్రం నేను దిగిన సత్రంలో మద్యనిషేధ అధికారులు తోపుల తనిఖీకి వచ్చారని ఎవరో అంటుంటే నేను విన్నాను. ఇంకా వెలుతురుంది, సైకిలుంది. వెళ్లి పెంచలయ్యతో చెప్పి ఆ కుండ దించమనవచ్చు. దించమంటే కడిగింది నేనని తెలిసిపోతుంది. వాళ్లు ఈ తోపుకే వస్తారని ఏముంది అనుకుని పడుకున్నాను.

పొద్దున నేను వెళ్లేసరికి జీపు ఉంది. కుండలన్నీ దించారు. అధికారి ఒక్కొక్క దాంట్లో వేలు పెట్టి చూస్తున్నాడు. విరిగిన మూతి కుండ నురగలు కక్కుతోంది. పెంచలయ్య అధికారి వైపు చూడలేదు, భార్య వైపు చూశాడు. మరిచిపోయినావా అని అడిగాడు, అంతే. ఆమె తన చేతులు చూసుకుంది. గోళ్ల సందుల్లో సున్నం ఇంకా ఉంది. నువ్వెవరివని అధికారి నన్ను అడిగాడు. బెల్లం కొనడానికి వచ్చానన్నాను. సైకిలు పట్టుకుని నిలబడ్డాను.

పెంచలయ్యను నెల్లూరు జైలుకు తీసుకుపోయారు. తిరిగి వచ్చేసరికి లైసెన్సు లేదు, చెట్లు వేరేవాళ్ల చేతికి వెళ్లాయి. చెట్టెక్కే మనిషి ఉదయగిరిలో బస్సుల దగ్గర మూటలు మోశాడు. నేను చెంచమ్మకు మా చింతపండు గింజలు తీసే పని ఇప్పించాను. అది దయ అనుకున్నాను. ఒకరోజు ఆమె గింజలు తీస్తుంటే నేను ఉండబట్టలేక అడిగాను.

"చెంచమ్మా, ఆ పొద్దు నువ్వు అన్నిటికీ పూసినావు కదా?"

"పూసినాననే అనుకుంటి చిన్న శెట్టీ. చేతికి గుర్తుండాది. అయితే కుండ అబద్ధం చెప్పదు గదా."

"ఎవురన్నా కడిగినారేమో."

ఆమె నవ్వింది. "కల్లు కుండ ఎవురు ముట్టుకుంటారు? మా వాళ్లు చెయ్యరు. మీ అట్టాంటోళ్లు ముట్టనే ముట్టరు. ఇంగెవురుండారు? నేనే మరిచిపోయినా."

నేను పుట్టిన ఇల్లు నన్ను కాపాడింది. నా మీద అనుమానం రావడానికి కూడా ఆమె మనసులో చోటు లేదు. ఆ క్షణాన నేను కడిగానని ఒక్క మాట అంటే సరిపోయేది. చింతపండు ఇంకా ఎన్ని బస్తాలు ఉందని అడిగి వచ్చేశాను.

ప్రకాశానికి చెప్పవలసింది. వాళ్ల సంఘంలో తప్పు చేసినవాడు లేచి నిలబడి అందరి ఎదుటా ఒప్పుకుంటాడట. మాకు ఆ పద్ధతి లేదని నాలో నేను సంతోషించాను. ఆయనతో సైకిలు ప్రయాణాలు మెల్లగా మానుకున్నాను. ఇద్దరం ఆ పాత అంగళ్ల గురించి మాట్లాడుకుంటే ఎంత బాగుండేదో. ఆ మాటలు మొదలైతే పెంచలయ్య పేరు వస్తుంది. మంచి రోజుల్ని తలచుకునే హక్కు కూడా నేనే పోగొట్టుకున్నాను.

పెంచలయ్య ఆమెను కొట్టలేదు. కంచం ముందు కూర్చుని, ఉప్పు వేసినావా, మరిచిపోయినావా అని అడిగేవాడట. ప్రతి పూటా అదే మాట. అతను పోయాక ఆ ప్రశ్న ఆమె తనకు తానే వేసుకోవడం మొదలుపెట్టింది. ముసలితనంలో ఒకసారి చూశాను. గుడిసె తలుపు గొళ్లెం పెట్టి, నాలుగడుగులు వేసి, వెనక్కి వెళ్లి చూసుకుని వచ్చింది. మళ్లీ వెళ్లింది. అవ్వకు మొదటి నుంచీ మరుపేనని కోడలు ముద్దుగా చెప్పింది. చెంచమ్మ కూడా అవునని తల ఊపింది. నేను అప్పుడూ చెప్పలేదు. అదే ఆఖరు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసిన మనిషి లేదు, ఉండగా నేను ఆమెకు ఆ అవకాశం ఇవ్వలేదు. రాశాక ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. ఆ తేలిక కూడా నాకు తగనిదేనేమో. ఆమె మనవలు ఉదయగిరిలోనే ఉన్నారు. తమ అవ్వ మరుపు వల్ల తాత జైలుకు పోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారట. ఇది ఎప్పుడైనా వాళ్ల కంట పడితే ఈ ఒక్క సంగతి చదివితే చాలు. మీ అవ్వ మరిచిపోలేదు. ఆ మధ్యాహ్నం అన్ని కుండలకూ సున్నం పూసింది.