మామయ్యగారి గుణదల మొక్కు

మా మామయ్యగారిది బట్టతల. అందుకని దేవుళ్ళకి ఎప్పుడూ ఇతరుల జుట్టే మొక్కేవారు. మా ఆయన ఇంజనీరింగ్ గట్టెక్కితే మా ఆయన జుట్టు, మా ఆడపడుచుకి సుఖంగా కాన్పయితే వాళ్ళాయన జుట్టు, తప్పిపోయిన గేదె దొరికితే పాలేరు జుట్టు. మొక్కు ఆయనది, గుండు మాది. ఇంట్లో ఎవరికైనా కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, మిగతావాళ్ళం తలలు తడుముకునేవాళ్ళం.

అలాంటి మనిషి నా కోసం గుణదల మాతకి మొక్కుకుని, ఆ మొక్కేమిటో నాకు చెప్పకుండానే పోయారు.

కొన్నేళ్ళ కిందట నాకు కడుపులో ఆపరేషన్ అయి, అది వికటించి ప్రాణం మీదికొచ్చింది. డాక్టర్లు ఏ మాటా చెప్పలేకపోయారట. మామయ్యగారు ఆస్పత్రి బెంచీ మీంచి లేచి, మా ఆడపడుచుని వెంటపెట్టుకుని గుణదల వెళ్ళొచ్చారు. నేను బతికి ఇంటికొచ్చాక ఓ రోజు అన్నారు. "అమ్మాయ్, నీ కోసం మాతకి మొక్కానమ్మా. నీకు ఓపికొచ్చాక మనం కొండెక్కాలి."

"ఏం మొక్కారండీ?"

"పైకెక్కాక చెప్తా. ఇప్పుడే చెబితే బేరం మొదలెడతావు."

నా చెయ్యి దానంతటదే తల మీదికి పోయింది. నా జడ నడుం దాటుతుంది. చదువులోనూ అందంలోనూ అంతంతమాత్రమే అయినా జడ విషయంలో మాత్రం నాకు గర్వం ఉంది, దాచుకోను. మొదట్లో నాకు నీరసం, తర్వాత ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఆ తర్వాత వానలు. నేనూ తొందరపెట్టలేదు. నిరుడు ఓ మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

చుట్టాలంతా ఒకటే మాట. మొక్కు తీరకపోతే పోయినాయనకి శాంతి ఉండదని. నాకు మొక్కుల మీద నమ్మకం లేదు. కానీ ఆయనంటే నాకు ప్రాణం. ఆయన పేరు మీద ఏదో మిగిలిపోయిందన్న మాట మాత్రం గుచ్చుకుంటూనే ఉంది. "గుణదల పోదామా వదినా?" అని మా ఆడపడుచు చాలాసార్లే అడిగింది. ఆ మొక్కేమిటో నీకు తెలుసా అంటే మాత్రం మాట దాటేసేది. జడ గుర్తొచ్చి ప్రతిసారీ ఏదో ఒక వంక చెప్పాను. చివరికి ఈ చలికాలం ఓ ఆదివారం నేనే ఫోన్ చేసి గన్నవరం నుంచి రమ్మన్నాను. పొద్దున్నే లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టాను. పులిహోర లేకుండా కొండెక్కడం దండగని ఆయన సిద్ధాంతం.

కింద కొబ్బరికాయ కొట్టి, కొవ్వొత్తులు కొన్నాం. తలనీలాలు ఇచ్చే వైపు నేను చూడలేదు.

"గుండేనంటావా?" అన్నాను.

"నాకేం తెలుసు వదినా," అంది మొహం పక్కకి తిప్పుకుని. నవ్వాపుకుంటోందని అప్పుడే అనుమానం వచ్చింది.

మాత గుడి దాటాక కొండ కొన మీది శిలువ దాకా మెట్లున్నాయి. మేము వాటి పక్కన రాళ్ళ బాట పట్టాం. నా పెళ్ళయిన కొత్తలో మామయ్యగారు మా అందర్నీ ఇలాగే ఎక్కించారు. "మెట్లెక్కితే అది మేడెక్కినట్టు గానీ కొండెక్కినట్టెట్టా అవుద్దీ?" అన్నారు. తీరా చూస్తే పుట్టి బుద్ధెరిగాక చదును నేల తప్ప ఎరగని మనిషి. రెండు చేతులూ చాపుకుని, తడిసిన పొలం గట్టు మీద నడిచినట్టు నడిచారు. మేమంతా నవ్వుతుంటే, జారకుండా పైకి చేరింది ఆయనొక్కరే.

ఆయన నాలుక సంగతి కూడా చెప్పాలి. వాళ్ళ ఊళ్ళో ఏ పెళ్ళయినా వంటవాళ్ళు పప్పు దించగానే ఆయన అరచేతిలో ఓ చుక్క వేసి, నోట్లోకి చూస్తూ నిలబడేవాళ్ళు. ఆయన తలూపితేగానీ విస్తళ్ళు పరిచేవారు కాదు. అంతటి నాలుకకి కోడలిగా వంట చేయడమంటే కత్తి మీద సామే. పులుసులో బెల్లం ఒక పలుకు ఎక్కువైంది, పచ్చడిలో మెంతులు మాడాయి, చారుకి ఉప్పు చాల్లేదు. వంక లేకుండా ముద్ద దిగేది కాదు. నేనూ తక్కువ తినలేదు. "రేపట్నుంచి మీరే వండండి" అని గరిటె ఆయన కంచం పక్కన పెట్టిన రోజులున్నాయి. అదే మా ఇద్దరి కబురూ, కాలక్షేపమూ.

సగం ఎక్కాక ఆయాసం వచ్చి ఓ బండ మీద కూలబడ్డాం. కింద ఊరంతా, రైలు పట్టాలు, ఏలూరు కాలువ. నెత్తి మీంచి గన్నవరంలో దిగే విమానం పోయింది. "చూడు, మా ఊరికి నాకంటే ముందే పోతోంది," అంది మా ఆడపడుచు. నాకేమో మామయ్యగారి కాశీ యాత్ర గుర్తొచ్చింది. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి రావాలి కదా. ఆయన కాకరకాయ వదిలేసి వచ్చారు. జన్మలో కాకరకాయ ముట్టిన మనిషి కాదు. అదేమిటండీ అంటే, "ఇష్టమో కాదో గంగమ్మ వచ్చి మన వంటింట్లో చూసిందా?" అన్నారు. అది చెప్పుకుని ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాం.

పైకి చేరి కొవ్వొత్తులు వెలిగించాం. గాలికి నిలవలేదు, మళ్ళీ వెలిగించాం. అప్పుడు నాకు ఎక్కడలేని తెగింపు వచ్చింది. జడ ముందుకి లాక్కుని, "దిగాక ఇచ్చేస్తాను. ఆయన తలకి భారం వద్దు," అన్నాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అయ్యో, ఆగు వదినా! కొండ మీద తప్ప ఎక్కడా చెప్పొద్దని నాన్న ఒట్టేయించుకున్నాడు. నువ్వేమో కొండెక్కవాయె. మొక్కు నీ జుట్టు కాదు. ఆ రోజు మాత ముందు నిలబడి గట్టిగానే అన్నాడు, చుట్టూ జనం చూస్తున్నారు కూడాను. 'అమ్మా, మా కోడలు లేచి ఇంటికొస్తే చాలు. ఇక చచ్చేదాకా ఆ పిల్ల వంటకి వంక పెట్టను' అని."

నేను జడ వెనక్కి వేసుకున్నాను.

నిజమే. నేను ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన ఒక్కనాడూ వంక పెట్టలేదు. ఓసారి పప్పులో ఉప్పు వేయడమే మరిచిపోయాను. మా ఆయన ముద్ద పక్కన పెట్టేస్తే మామయ్యగారు మాత్రం, "ఇంకో గరిటె వెయ్యమ్మా," అన్నారు. నాలుక చచ్చిపోయిందేమోనని భయపడి డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. నాలుక భేషుగ్గా ఉందన్నాడాయన. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మామయ్యగారు ఒకటే నవ్వు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

"ముందే ఎందుకు చెప్పలేదట?"

"తెలిస్తే నువ్వు కావాలని ఉప్పెయ్యకుండా వడ్డించి పరీక్ష పెడతావంట."

పెట్టేదాన్నే. కొండెక్కే మాట వచ్చినప్పుడల్లా ఆయనకి మోకాళ్ళ నొప్పులు ఎందుకొచ్చేవో కూడా అప్పుడే అర్థమైంది. కాశీలో కాకరకాయతో సరిపెట్టిన మనిషి, నా కోసం తనకి అన్నిటికంటే ఇష్టమైనది వదిలేశారు. మొక్కు మిగిలిపోలేదు. రోజూ రెండు పూటలా నా ఎదుటే, నేను వడ్డిస్తుండగానే తీరింది.

డబ్బా మూత తీశాం. ఒక ముద్ద తిని ఆమె వైపు చూశాను.

"ఎలా ఉంది?"

"బాగుంది వదినా."

"నిజం చెప్పు. కొండ మీదున్నావు."

కాసేపు నమిలింది. "ఉప్పు ఎక్కువైంది," అంది.

ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. నవ్వబోయి ఏడ్చేశాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆమె చేత ఆ మాట మళ్ళీ మళ్ళీ అనిపించుకున్నాను.