తీరిందని రాసిన కాగితం

గ్రూపుల ఉన్న మనోళ్లందరికి నమస్తే. నా రాత బాగుండదు, తప్పులుంటయి, ఏమనుకోకుండ్రి. బ్రిడ్జి కోసమని మా గుడిసెలు తీసి ఊరి చివర కోసాడ్‌ల నాలుగో అంతస్తుల ఇల్లిచ్చిండ్రు. మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. కింది ఇల్లు కావాలని అర్జీ పెట్టిన. ఇయ్యాల ఆఫీసుకు పిలిచి, సంతకం పెట్టుమని సారు ఒక గుజరాతీ కాగితం ఇచ్చిండు. నాతోటి వచ్చిన పక్కింటి పద్మక్కతోటి చదివించిన. "ఫిర్యాదు తీరింది" అని ఉన్నది. దాని కిందనే తెలుగుల "తీరలేదు, కింది ఇల్లు ఇయ్యాలె" అని రాసి సంతకం పెట్టిన.

"కాకా, ఇదేం రాసినవ్?" అన్నడు సారు.

"మీది నేను చదివించుకున్న సార్. నాది మీరు చదివించుకోండ్రి."

సోమవారం మళ్ల రమ్మన్నడు. మెట్లెక్కేది మా ఇంటామె, తీరిందనేది ఆయననా? మీలో ఎవరికి గిసుంటి కాగితం వచ్చినా చదివించుకోకుండ సంతకం పెట్టకుండ్రి. జర జల్ది జవాబియ్యుండ్రి, సోమవారం అందరం కలిసే ఆఫీసుకు పోదం.