నాయనను వరండాలో కూర్చోమని ఉంటే

నా మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు. అందుకే రాస్తున్నాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, మద్రాసులో చూలైలో ఉండేవాళ్ళం. మగపిల్లాణ్ణే అయినా, నా ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ లేచింది. తాకితే నొప్పి. అంతకు ముందు ఏడే మా పిన్నమ్మ అట్లాంటి గడ్డతోనే పోయింది. నేనూ పోతానని తేల్చుకున్నాను.

ఇంట్లో ఛాతీ నొప్పి అని మాత్రం చెప్పాను. నాయన వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నాయనతో మాట్లాడాడు.

"ఆకలెట్టుంది?"

"బాగానే తింటాడు సార్."

"నిద్ర?"

"దానికేం తక్కువ. లేపేదే కష్టం."

చొక్కా మీదనే గొట్టం పెట్టి విన్నాడు. నేను నోరు తెరిచాను. "ఉండ్రా, ఆయన చూస్తా ఉండాడు గదా," అన్నాడు నాయన.

నేను కోరింది ఎక్కువేం కాదు. డాక్టరు నాయనను కాసేపు వరండాలో కూర్చోమని, తలుపు తెర వేసి, నీకేమైందని నన్ను అడగాలి. బడికి పోతూ రోజూ ఆ వాకిలి ముందు నడక తగ్గించేవాణ్ణి, పిలుస్తాడేమోనని.

డాక్టరు ఏదో ఎర్రమందు ఇచ్చాడు; అప్పట్లో మందుకు మన సీసా మనమే తీసుకుపోవాలి. రెండో వారం నన్నొక్కణ్ణే పంపారు. ఖాళీ సీసాలో చీటీ చుట్టి పెట్టాను: 'డాక్టరు గారికి. నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. నేను చచ్చిపోతానా? మా నాయనకు చెప్పవద్దు.'

కాంపౌండరు బిరడా తీసి చీటీ బయటికి లాగాడు.

"ఏందబ్బా, సీసాను పోస్టు పెట్టె చేసినావా?"

బెంచీ మీదివాళ్ళు నవ్వారు.

"అది సార్‌కు ఇవ్వన్నా," అన్నాను.

చదివాక అతని నవ్వు పోయింది. "ఇట్టాంటివి ఇంట్లో పెద్దోళ్ళతో చెప్పాల," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. సీసా కడిగి, మళ్ళీ అదే ఎర్రమందు పోసిచ్చాడు.

సాయంత్రానికి చీటీ నాయన చేతిలో ఉంది. నా ముందే చింపి పొయ్యిలో వేసి, "కాళ్ళు కడుక్కో, అన్నం తిందాం," అన్నాడు.

ఏడాదికి గడ్డ దానంతటదే కరిగింది. ఆ ఏడాదంతా చచ్చిపోతాననుకుంటూనే పరీక్షలు రాశాను. ఎప్పుడో పోయిన గడ్డకు ఇప్పుడు జవాబెందుకని మావాళ్ళు అంటారు. నాకు కావాలి. ఇది చదివే డాక్టర్లలో ఎవరైనా సరే, ఇంకొకరి చేతికివ్వకుండా నా పేరు మీదే రాయండి. ఆ గడ్డ ఏమిటి? పద్నాలుగేళ్ళవాడికి ఆ మాట ఎందుకు చెప్పలేదు?