ఆదివారం నాటిన మిరప

పోయిన బుధవారం పొద్దున మా అత్తగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. పొదిలి దగ్గర మా ఊరు దాటితే ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. అయినా మీకు చెప్పాలని రాస్తున్నాను. మూడు రోజులుగా ఇంట్లో ఒకచోట నిలవలేకపోతున్నాను. చాట పట్టుకుని లోపలికి వెళ్తాను, ఎందుకు వెళ్ళానో గుర్తుండదు, మళ్ళీ బయటికి వస్తాను. చెప్పేసుకుంటే కాస్త కుదుటపడతానేమోనని ఆశ.

ఆశ్వయుజం వచ్చిందంటే ఆమెకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. వాన కడిగిన ఆకాశం, డొంక పొడుగునా తంగేడు పూలు, సజ్జ కోసేసిన చేలల్లో తూనీగలు. చర్చికి నడుస్తూ ప్రతిదాని దగ్గరా ఆగేవారు. "ఈ తంగేడుకి ఎవరు నీళ్ళు పోశారు అమ్మాయ్? ఎలా పూసిందో చూడు!" అని చేతులు జోడించేవారు. ప్రార్థన వేళ దాటిపోతోందని నేను విసుక్కుంటే, "ఇక్కడున్నాయనేగా అక్కడా ఉండేది, పద," అనేవారు. అన్నం ముందు మాత్రం ఆమె ప్రార్థన ఎంత పొడుగంటే పులుసు చల్లారిపోయేది. ఇక ఆదివారం మన్ను ముట్టకూడదన్నది ఆమెకు శిలాశాసనం.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడు. పొన్నూరు వైపు మాగాణి పిల్లని, వరి నాట్లు తప్ప ఎరగను. ఆ ఏడు వాన మొహం చాటేసింది. మిరప నారు మడిలోనే ముదిరిపోతోంది. తీరా శనివారం సాయంత్రం కురిసింది. ఆదివారం తెల్లారేసరికి చేను మంచి పదునులో ఉంది. కానీ ఎండ పెళపెళలాడుతోంది, రేపటికి నేల ఆరిపోతుందని నా భయం. మా ఆయన బడి పని మీద ఒంగోలులో ఉన్నారు.

"రేపు నాటుదాంలే అమ్మాయ్. వాన ఇచ్చినాయన రేపూ ఉంటాడు," అన్నారు అత్తగారు.

"ఆయన ఉంటాడు అత్తయ్యా, పదునుండొద్దూ? మీ పంతానికి ఈ ఏడు పచ్చట్లోకి మిరపకాయ కూడా కొనుక్కోవాలి!" అన్నాను. అబ్బ, ఎంత నోరు నాది! ఆమె బైబిలు తీసుకుని చర్చికి వెళ్ళారు. నేను నారు పీక్కుని చేలోకి వెళ్ళాను.

పొద్దు వాలేసరికి పది సాళ్ళు నాటాను. నడుం మీద చేతులు పెట్టుకుని గర్వంగా చూసుకుంటుంటే అత్తగారు మజ్జిగ చెంబుతో వచ్చారు. ఒక మొక్కని రెండు వేళ్ళతో పైకి తీశారు. వేరు మడతపడి పైకి తిరిగి ఉంది. వరి నాటినట్టు బొటనవేలితో గుచ్చేశాను మరి! మిరపకి వేరు తిన్నగా దించి, చుట్టూ మన్ను అదమాలట. పది సాళ్ళూ అదే తంతు.

తిడతారనుకున్నాను. ఆమె చర్చికి కట్టుకున్న తెల్లచీర కొంగు బిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో మొక్కే తీసి నాటడం మొదలుపెట్టారు. "ఆదివారం కదా అత్తయ్యా, మీరు..." అని నసిగాను. "చచ్చిపోయే మొక్కకి ఆదివారమేంటి, సోమవారమేంటి? ముందు మజ్జిగ తాగు," అన్నారు. చూపు ఆనకుండా పోయేదాకా ఇద్దరం నాటుతూనే ఉన్నాం.

అంతటితో అయిపోయిందనుకున్నాను. పై నెల మొదటి ఆదివారం, ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి అందరూ లేచి వెళ్తుంటే ఆమె చాప మీదే కూర్చుండిపోయారు. "నియమం తప్పాను కదా, ఈ ఒక్క నెలా ఆగుతాను," అన్నారు. ఆ తర్వాతి నెల మామూలుగానే వెళ్ళారు. నేనే వెళ్ళలేకపోయాను. తప్పు చేసింది నేను, రొట్టె మానుకున్నది ఆమె. ఒక్కసారి "క్షమించండి అత్తయ్యా" అంటే సరిపోయేది. నోరు రాలేదు. పిల్ల ఏడుస్తోందనీ తలనొప్పనీ చెప్పి పన్నెండేళ్ళు గడిపేశాను. ఇంటికొచ్చాక ఆమె అడిగేది ఒక్కటే: "వచ్చే నెలా అమ్మాయ్?" అన్నేళ్ళూ ఆమెని అలా ఎదురుచూడనిచ్చాను. ఇప్పుడు నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది అదే.

ఆమె పోయే ముందు రోజు, మంగళవారం, పాస్టరుగారు మంచం పట్టిన ఆమె కోసం రొట్టె, ద్రాక్షారసం ఇంటికే తెచ్చారు. పాలు పొంగుతున్నాయంటూ నేను వంటింట్లోకి తప్పుకున్నాను. పొయ్యి మీద పాలే లేవు. "అమ్మా, ఒకసారి రండి. ఆవిడ తీసుకోవడం లేదు, గుమ్మం వైపే చూస్తున్నారు," అని ఆయన పిలిచారు.

వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. "ఆ ఆదివారం తప్పు నాది అత్తయ్యా. క్షమించండి," అన్నాను. ఆమెకు అప్పటికే మాట పడిపోయింది. పాస్టరుగారు చేతిలో పెట్టిన రొట్టె తునకని ఆమె రెండుగా విరవబోయారు. వేళ్ళకి బలం చాలలేదు. మొత్తం తునకని అలాగే నా నోటి దగ్గరికి తెచ్చారు. తినమని కళ్ళతోనే గద్దిస్తూ, నేను నోరు తెరిచేదాకా ఆ చెయ్యి దించలేదు.